బిగుతు థమీన్, విమానం గడప

డెబ్బయ్యో దశకం మొదట్లో, వానలు తగ్గుముఖం పట్టాక, రంగూన్ మింగలాడాన్ విమానాశ్రయంలో నన్ను ఎయిర్‌హోస్టెస్‌గా వేశారు. అప్పటిదాకా మా కంపెనీ ఆడవాళ్లను చిన్న విమానాల్లోకే పంపేది. కొత్త జెట్ ఎక్కాలంటే ముందు ఒక పరీక్ష నెగ్గాలి. ప్రమాదం జరిగినట్టు తలుపు తీసి, గాలి నింపిన స్లైడు మీదికి గెంతి, నేలకు జారి, దిగేవాళ్లను పక్కకు పంపాలి. అది ఆడవాళ్ల వల్ల కాదని మగ స్టీవర్డుల నమ్మకం. మేము ముగ్గురం. ముందు గెంతాల్సింది నేను.

నా ధ్యాసంతా యూనిఫారం మీదే. పైన పొట్టి రవిక, కింద థమీన్, అంటే బర్మా ఆడవాళ్ల లుంగీ. కంపెనీ కుట్టించినది వదులుగా ఉందని ఊళ్లోని లత పేటలో ఒక దర్జీ చేత రెండుసార్లు బిగుతు చేయించాను. అహ్లోన్‌లో ఇంటికి రాగానే అమ్మ చూసి, "ఏటే, బందమేసిన ఆవునాగ నడుత్తన్నావు?" అంది. అసూయ అనుకున్నాను. అరవై ఏళ్ల మనిషికి నా మీద అసూయ ఎందుకో ఆలోచించలేదు.

పరీక్ష రోజున మా పర్సర్ ఊ బా థీన్ ఈల ఊదాడు. పర్సర్ అంటే కేబిన్ సిబ్బందికి పెద్ద. తలుపు తీశాను, చెప్పులు విడిచాను, చేతులు గుండెకు అడ్డంగా కట్టుకున్నాను. అంతవరకూ పాఠం ప్రకారమే. గెంతబోతే మోకాళ్లు విడివడలేదు. పిచ్చుకలా రెండు కాళ్లూ కలిపి ఎగిరి, ఎగిరిన చోటే దిగాను. ప్రయాణికుల్లా నటిస్తున్న స్టీవర్డులు వచ్చి నా వీపుకు గుద్దుకున్నారు. ఒకడు నవ్వాడు, తర్వాత అందరూ.

ఊ బా థీన్ నవ్వలేదు. నిజంగా మంటలుంటే నా వెనకవాళ్లు బతికేవారు కాదని మెల్లగా చెప్పాడు. మర్నాడు ఇంకొక్క అవకాశం ఇస్తాననీ, అప్పుడూ ఇదే జరిగితే ముగ్గురమూ చిన్న విమానాలకే పోతామనీ అన్నాడు. మిగతా ఇద్దరూ నన్ను వదిలేసి బస్సెక్కారు.

ఇంట్లో కుట్లు విప్పుతుంటే అమ్మ పక్కన కూర్చుంది.

"పీకీసినా కాళ్లకి అడ్డం పడద్ది. ఏటి సేత్తావు?"

"గోచీ ఎడతాను."

"మగోళ్లనాగా? అందరి ముందరా?"

"ఉజ్జోగం పోతే ఏ మొకం ఎట్టుకుని తిరగమంతావు?"

"అయితే లోపల నిక్కరెయ్యి" అంది అమ్మ.

మర్నాడు, బంతాట ఆడే కుర్రాళ్లు లుంగీ దోపుకున్నట్టే, థమీన్‌ను కాళ్ల మధ్య నుంచి లాగి వెనక దోపుకున్నాను. గెంతాను. నేలకు ముందు తగిలినవి కాళ్లు కావు. అయినా వెంటనే లేచి, దిగేవాళ్లను పక్కకు పంపాను. మిగతా ఇద్దరూ అలాగే గోచీ కట్టి దూకారు. స్టీవర్డులు మర్యాదస్తులు, మా పిక్కలు కనబడకుండా ఆకాశం చూస్తూ నిలబడ్డారు. ఊ బా థీన్ ముగ్గురమూ నెగ్గామని ప్రకటించాడు.

గోచీ మాత్రం పైఅధికారులకు నచ్చలేదు. అందుకని కాళ్లు ఎడంగా చాపగలిగేంత వెడల్పుగా కొత్త థమీన్లు కుట్టించారు. అందరినీ బియ్యం బస్తాలు చేశానని తోటివాళ్లు చాలాకాలం నన్ను తిట్టుకున్నారు. అద్దంలో చూసుకున్నప్పుడు నేనూ తిట్టుకున్నాను.

తర్వాత శిక్షణ ఇచ్చే పని నాకే వచ్చింది. కొత్త అమ్మాయిలు యూనిఫారం వేసుకొచ్చిన రోజునే తలుపు దగ్గర గెంతించేదాన్ని. గెంతలేనివాళ్లను తిరిగి దర్జీ దగ్గరికి పంపేదాన్ని. విమానంలో బట్టలు సరిపోయాయో లేదో చెప్పాల్సింది అద్దం కాదు, తలుపు. అందం సంగతి దిగాక చూసుకోవచ్చు.