మూడు చోట్ల కారిన రంగు

చర్చి గోడ మీద అంటించిన పదకొండు పేర్లలో ఏడోది తన కూతురిదని తెలిసిన దగ్గర్నుంచి రంగుల మేస్త్రికి నేల మీద కాళ్ళు ఆనడం లేదు. పదహారేళ్ళు వచ్చినా అమ్మానాన్నల్ని వదిలి ఒక్క రోజు కూడా ఉండని పిల్ల! అలాంటిది చర్చి యూత్‌తో కలిసి పది రోజుల మిషన్ ట్రిప్‌కి వెళ్తోంది. కొండల అవతల ఉన్న చిన్న బడికి పొద్దున పూట రంగులు వేస్తారట, సాయంత్రం పిల్లలకు పాటలు, బైబిలు కథలు నేర్పుతారట.

రంగులు! ఆ మాట చెవిన పడ్డాక మేస్త్రిని పట్టుకోవడం ఎవరి తరం? నిచ్చెన మీద నుంచే దారిన పోయేవాళ్ళను పిలిచి మరీ చెప్పాడు. పెయింట్ల కొట్లో బేరానికొచ్చినవాళ్ళకు చెప్పాడు. ఒకసారి విన్నామని తప్పించుకోబోయినవాళ్ళకు మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు.

అంతటితో ఊరుకుంటే ఆయన మేస్త్రి ఎందుకవుతాడు? వంటింటి వెనక గోడ కూతురికి అప్పగించి పాఠం మొదలుపెట్టాడు. "ముందు గీకాలి. దుమ్ము దులపాలి. కుంచె సగానికి మించి ముంచకూడదు. ఒక్క చుక్క కారిందా, గోడంతా మళ్ళీ వెయ్యాల్సిందే." కస్టమర్ల ఇళ్ళలో ఆయన చేసేదీ అదే. పిల్ల రెండు గీతలు గీసిందో లేదో, "అలా కాదమ్మా, ఇటివ్వు" అని కుంచె లాక్కునేవాడు. మూడు సాయంత్రాల్లో గోడ పూర్తయింది. అందులో పిల్ల వేసింది జానెడు.

"ఇంతకీ వెళ్ళేది అదా, మీరా?" అంది భార్య.

ఆ మాట ఏ వేళ అందో గానీ, మర్నాడే పాస్టరు గారు వచ్చారు. "మేస్త్రీ, వ్యాన్‌లో ఒక సీటు మిగిలింది. పని తెలిసిన మనిషి ఉంటే మాకూ ధైర్యం. మీరూ రాకూడదూ?"

అడగడమే ఆలస్యం, మేస్త్రి చేతిలో పనులన్నీ వాయిదా వేసి సంచి సర్దేశాడు. అందులో మొదట పెట్టింది తన నాలుగంగుళాల కుంచె. ఏడేళ్ళుగా దాన్ని ఇంకొకరి చేతికి ఇచ్చింది లేదు. పరాయి చెయ్యి పడితే కుంచె పాడైపోతుందని ఆయన నమ్మకం.

"పెళ్ళికెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, దాని వెంట మీరెందుకండీ?" అని భార్య గొణిగింది. కూతురు మాత్రం పాటల పుస్తకం సంచిలో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. సంతోషంతో చేతులు ఆడటం లేదనుకున్నాడు మేస్త్రి.

బయల్దేరే రోజు చర్చి ముందు ప్రార్థన ఇలా అయిందో లేదో, మేస్త్రి అందరికంటే ముందు వ్యాన్ ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. కూతురు కిందే నిలబడింది.

"ఎక్కమ్మా! ఇంకా చూస్తావేం?"

"నాన్నా, ఒక్కసారి దిగవా?"

దిగాడు.

"నువ్వొస్తే గోడ అద్దంలా వస్తుంది నాన్నా, నాకు తెలుసు. కానీ అది నువ్వు వేసిన గోడవుతుంది." చూపు తిప్పుకోలేదు. "నన్నొక్కదాన్నే వెళ్ళనీ."

మేస్త్రి మనసు చివుక్కుమంది. ఏదో అనబోయాడు. అంతలో వంటింటి వెనక గోడ, అందులో ఆ జానెడు చోటు గుర్తొచ్చాయి. సంచిలోంచి కుంచె తీసి కూతురి చేతిలో పెట్టాడు.

"పనయ్యాక శుభ్రంగా కడుగు. కడిగాక..." అని, ఇంకా చెప్పబోయి ఆపేశాడు.

"మరి మీ సీటు?" అన్నారు పాస్టరు గారు.

"సంచులు పెట్టుకోండి!"

వ్యాన్ కదిలింది. వీధి మలుపుదాకా చెయ్యి ఊపుతూ దాని వెంట పరుగెత్తాడు మేస్త్రి. బెంగ లేకపోలేదు. కానీ నా కూతురు వెళ్తోందన్న సంబరం ముందు అది ఏ మూలకి!

అయిదో రోజు, ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంటి వరండాకు రంగు వేస్తుండగా ఫోన్‌కి ఫొటో వచ్చింది. పచ్చటి గోడ, పక్కన కుంచెతో కూతురు, ముక్కు మీద కూడా పచ్చ రంగే. మేస్త్రి నిచ్చెన దిగి పరుగున వెళ్ళి టీచరమ్మకు చూపించాడు.

ఆవిడ కళ్ళజోడు సవరించుకుంది. "కిటికీ కింద రంగు కారినట్టుందే మేస్త్రీ?"

"ఒక్కచోటేంటమ్మా, మూడు చోట్ల కారింది!" మేస్త్రి మొహం వెలిగిపోయింది. "అంటే దాని చేతిలోంచి ఎవ్వరూ కుంచె లాక్కోలేదమ్మా!"