రత్నం తోళ్ల కంపెనీ గోడ

ఎలీషా మేస్త్రీకి డెబ్భై దాటాయి. మోకాళ్లు అరిగిపోయాయి, కుడి భుజం పైకి లేవదు. అయినా ఆ పూట పరంజా ఎక్కాడు. ఎక్కకపోతే గోడ దక్కదు మరి.

ఆ గోడ రాయపూర్ స్టేషన్ రోడ్డులో రత్నం తోళ్ల కంపెనీ ఆఫీసుది. కోస్తా నుంచి రైలెక్కి వచ్చిన మాదిగ క్రైస్తవుడు రత్నం. ఈ ఊళ్లో తనవాళ్లలో మొదటి మేడ కట్టింది ఆయనే. దాని నుదుట కంపెనీ పేరును, హిందీ ఊళ్లో తెలుగులో, సున్నపు గచ్చుతో ఉబ్బెత్తుగా తీర్చింది ఎలీషా తండ్రి.

రాయపూర్ కొత్త రాష్ట్రానికి రాజధాని అయిన రోజుల్లో రత్నం కొడుకు ఎలీషాను పిలిచి, ఆ పేరు కనబడకుండా పైన సిమెంటు పూత కొట్టెయ్యమన్నాడు. తోళ్ల కొంపలో అద్దెకు ఎవరూ దిగడం లేదట. అది తండ్రి చేతిపని. కానీ ఇంట్లో పొయ్యి వెలగాలి కదా! కొట్టేశాడు.

ఏడాది తిరక్కుండానే ఆ పూత ఉబ్బింది. తడితే డొల్లగా మోగేది. ఎలీషాకు పని రాదన్న మాట తిల్దా ఊరి దాకా పాకింది, అక్కడి రైస్ మిల్లుల వాళ్లు పిలవడం మానేశారు. ఇరవై ఏళ్లు ఆ మాట పడ్డాడు పాపం.

ఇప్పుడు రత్నం మనవరాలు గ్లోరీ, రైల్వే ఆసుపత్రి నర్సు, మేడను పాత రూపానికి తేవాలని పూనుకుంది. ఇంజనీరు గోడ తట్టి, లోపలంతా చెడింది, రేపే ముందువైపు పడగొట్టి స్టీలు అక్షరాలు పెడదామన్నాడు. ఆ సంగతి విని ఎలీషా ఒక్క పూట గడువు అడిగాడు.

డొల్ల మోగిన చోటల్లా తాపీ అంచు దూర్చి లేపుతుంటే సిమెంటు పెచ్చులుగా ఊడింది. మధ్యాహ్నానికి 'రత్నం తోళ్ల కంపెనీ' అన్న పేరు మొత్తం బయటపడింది. ఒక్క అక్షరమూ చెదరలేదు.

ఇంజనీరు విస్తుపోయాడు. పేరు మీద ఒక్క గాటూ లేదు. పాత గోడకు సుత్తితో గాట్లు పెడితేగాని కొత్త పూత పట్టదు. పని నేర్చుకునేవాడికైనా తెలిసిన సంగతి అది.

"గాట్లు మర్చిపోయావా మావయ్యా?" అంది గ్లోరీ.

"మర్చిపోలేదమ్మా. మా నాన్న అక్షరాల మీద సుత్తి ఎత్తలేకపోయాను."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"చెబితే మీ నాన్న దూస్రా మేస్త్రీని పిలిచి గాట్లు పెట్టించేవాడు, బస్, అక్షరాలు పోయేవి."

తర్వాత ఎలీషా పరంజా మీదే కూలబడ్డాడు. దిగే ఓపిక లేక, కాసిని మంచినీళ్లు పైకి పంపమన్నాడు.