మిర్తా గుర్రం దూకిన ఆఖరి ఆదివారం

మా ఊళ్ళో మిర్తా ఒల్యాబెరీ కత్తెర కింద తల వంచనివాళ్ళు లేరు. మేయరు దగ్గర్నుంచి చర్చి ఫాదరు దాకా అందరి జుట్టూ ఆవిడ చేతిలోదే. కుర్చీలో కూర్చోబెట్టి, మెడకు గుడ్డ బిగించి, ఇక మీరు కదల్లేరని రూఢి చేసుకున్నాక తన గుర్రం సంగతి ఎత్తుకుంటుంది. చెవుల మీద నాలుగు వెంట్రుకలు దిద్దించుకుందామని వెళ్ళినవాడు కూడా ఆ ఆడగుర్రం ఎడమ మోకాలి గురించి సమస్తం తెలుసుకునిగాని బయటపడడు.

గుర్రం పేరు పోర్ఫియాదా. అంటే మొండిది. పేరు పెట్టినవాడికి దాని సంగతి బాగానే తెలుసు. అమ్మేటప్పుడు మాత్రం, వాళ్ళ అమ్మమ్మ పేరు పెట్టుకున్నామని మిర్తాకు చెప్పాడు.

గుర్రం మీద అడ్డంకులు దూకే ఆట పాలపళ్ళు ఊడకముందే మొదలుపెట్టాలంటారు. మిర్తా నలభై దాటాక మొదలుపెట్టింది. ఉరుగ్వే నది ఒడ్డున ఉన్న మా చిన్న క్లబ్బులో ఆవిడ పక్కన నేర్చుకున్నవాళ్ళంతా ఆవిడ మోకాలెత్తు పిల్లలు. వాళ్ళు ఎదిగి, పెద్ద అడ్డంకులకు వెళ్ళిపోయి, పెళ్ళిళ్ళు కూడా చేసుకున్నారు. మిర్తా ఇంకా మీటరు ఎత్తు దగ్గరే ఉంది.

క్లబ్బు పోటీల్లో మైకు పట్టుకునేవాణ్ణి నేనే కాబట్టి ఆవిడ అవమానాలన్నీ ఊరికి చాటింపు వేసిన పుణ్యం నాది. మొట్టమొదటి పోటీలో గుర్రం ఉత్తుత్తి ఇటుకగోడ ముందు టక్కున ఆగింది. మిర్తా ఆగలేదు. "రౌతు అడ్డంకి దాటారు. గుర్రం రావలసి ఉంది" అన్నాను మైకులో. ఆ వారం నాకు జుట్టు కత్తిరించినప్పుడు ఒక చెంప దగ్గర కొంచెం ఎక్కువ వదిలేసింది. అడిగితే, "ఒకటి దిగింది, రెండోది రావలసి ఉంది" అంది.

ఇంకోసారి జడ్జి గంట కొట్టకముందే బయల్దేరి, దిద్దినట్టుగా అన్నీ దూకి, చేతులూపుకుంటూ వచ్చింది. గంటకు ముందు దూకింది లెక్కలోకి రాదని చెబితే, "మరి గుర్రం దూకేసిందిగా, వెనక్కి తీసుకోమంటారా?" అని దెబ్బలాడింది.

ఇవన్నీ నవ్వుకుని మరిచిపోయే సంగతులు. ఆవిడకు గుచ్చుకున్న ముల్లు వేరే ఉంది. ఇన్నేళ్ళలో ఏ పోటీలోనూ అడ్డంకి మీది కర్ర పడకుండా మైదానం దాటలేదు. మామూలు రోజుల్లో పోర్ఫియాదా పిల్లిలా దూకుతుంది. ఆదివారం వచ్చి, జెండాలు కట్టి, జడ్జి కూర్చున్నాడా, ఎక్కడో ఒకచోట వెనక కాలు ఇంత కిందికి జార్చి ఒక్క కర్ర పడేస్తుంది. ఒక్కటే. "మిర్తా దిగితే అసాదోకి కట్టెలు కొనక్కర్లేదు" అని మా వాళ్ళ పరిహాసం. అసాదో మాంసం కాల్చే చోట ఆ మాట వినపడితే ఆవిడ కూడా నవ్వేది. కాని నవ్వు పూర్తయ్యేలోగా గుర్రం దగ్గరికి వెళ్ళిపోయేది.

ఆ వసంతంలో పశువుల డాక్టరు పోర్ఫియాదా మోకాలు నొక్కి చూసి, "మిర్తా, ఈ పోటీతో సరి. తర్వాత గడ్డి తిననివ్వు" అన్నాడు. ఆ వారమంతా సెలూన్లో గుర్రం ఊసే రాలేదు. కుర్చీలో కూర్చున్నవాళ్ళు భయపడ్డారు.

శనివారం నాకు మాతే టీ కలిపి ఇస్తూ అంది: "నాకు కప్పులొద్దు, రిబ్బన్లొద్దు. దాంతో ఒక్కసారి, ఒక్క కర్ర కూడా పడకుండా బయటికి రావాలి. అంతే."

"వస్తావులే" అన్నాను.

"నువ్వు మైకులో ఏమీ వాగకపోతే వస్తాను."

ఆదివారం పొద్దున రౌతులంతా కాలినడకన మైదానంలో తిరుగుతూ అడ్డంకుల మధ్య దూరం అడుగులతో కొలుచుకుంటున్నారు. మిర్తా వెనకే చంకలో ఫ్లాస్కుతో మొగుడు విల్మార్. మనిషి గుమ్మడికాయలా ఉంటాడు. నది అవతల అర్జెంటీనాలో ఉన్నవాళ్ళతో ఫోన్ లేకుండా మాట్లాడగల గొంతు.

"ఆ నీలం దాని దగ్గర తొందరపడకే ముసలీ" అన్నాడు.

"బొండాం, నువ్వు ఎప్పుడన్నా గుర్రం ఎక్కావా?"

"ఏ గుర్రం మొయ్యాలి నన్ను? అందుకే కిందనుంచి చెప్తున్నా."

మిర్తా వంతు వచ్చింది. జడ్జి దోన్ ఒలెగారియోకు నమస్కరించింది, గంట కోసం ఆగింది, బయల్దేరింది. నేను పేరొక్కటి చదివి మైకు దించేశాను.

ఆవిడ దూకుతూ గుర్రంతో మాట్లాడుతుంది. మొదటి అడ్డంకి దగ్గర "రా తల్లీ". రెండోదాని దగ్గర "అదీ". నీలం కర్ర దగ్గర ఏమందో నేను రాయను, చర్చి ఫాదరు కూడా చదువుతాడు. వెనక గిట్ట కర్రను తాకింది. టక్‌మన్న చప్పుడు అందరికీ వినపడింది. కర్ర దాన్ని మోసే కొయ్య కప్పులో దొర్లి, ఆలోచించుకుని, ఆగిపోయింది. కంచె పొడుగునా అందరూ ఒకేసారి ఊపిరి వదిలారు. తర్వాతి గోడ దాటింది. జంట అడ్డంకులు దాటింది. ఆఖరిదాని మీంచి ఇంత ఎత్తున తేలిపోయింది, ముసలి గుర్రానికి ఎక్కడినుంచి వచ్చిందో ఆ ఓపిక.

ఒక్క కర్ర పడలేదు.

అప్పుడు మిర్తా పగ్గాలు వదిలేసింది. పోర్ఫియాదా మెడ చుట్టూ చేతులు వేసి, జూలులో మొహం దాచుకుని ఏడవడం మొదలుపెట్టింది. మెడ మీద ఆ బరువు పడేసరికి గుర్రం పక్కకి తిరిగింది. ముగింపు గీతకు అటూ ఇటూ పాతిన ఎర్రజెండా తెల్లజెండాల మధ్యనుంచి పోవలసింది, వాటి పక్కనుంచి, షికారుకు వచ్చినట్టు పోయింది.

జెండాల మధ్య గీత దాటితేనే పందెం పూర్తయినట్టు. దాటకుండా మైదానం గేటు బయట అడుగుపెడితే పేరు కొట్టేస్తారు. చెబుదామా అంటే, కంచె బయటివాళ్ళు ఒక్క మాట అందించినా పరాయి సాయం కింద పేరు కొట్టేస్తారు. జడ్జి బల్ల మీద గడియారం తిరుగుతూనే ఉంది. గేటు బార్లా తెరిచి ఉంది. గుర్రం తాపీగా అటే నడుస్తోంది.

మా ఊరు ఎప్పుడైనా నోరు మూసుకోవడం నేను చూడలేదు. శవం లేచే ఇంట్లో కూడా ఫుట్‌బాల్ మాట్లాడుకునే జనం. ఆ రోజు మూసుకున్నారు. విల్మార్ నోరు తెరిచాడు. పక్కనున్న డాక్టరు తన చేతిలోని తోర్తా ఫ్రీతా రొట్టెను అలాగే అతని నోట్లో కుక్కేశాడు. నేను మైకు పట్టుకుని ఉన్నాను. ఒక్క మాట అంటే చాలు, ఊరంతా వినపడుతుంది. చేతిలో అంత గొంతు పెట్టుకుని అంత మూగగా ఎప్పుడూ లేను.

మిర్తా తలెత్తింది. కళ్ళు తుడుచుకుని, చప్పట్ల కోసం చిరునవ్వు సర్దుకుంది. చప్పట్లు లేవు. మా దగ్గర కింద పడ్డవాళ్ళకు కూడా చప్పట్లు కొడతారు.

"ఏమైంది? ఎవరన్నా పోయారా?" అంది.

ఎవరూ పలకలేదు.

"బొండాం, ఏంటా మొహం? నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

విల్మార్ తన బూట్లను పరీక్షగా చూసుకున్నాడు.

"ఏమయ్యా, మైకు చెడిపోయిందా?"

నేను మేఘాల వైపు చూశాను.

ఇంత మర్యాద మా వాళ్ళకు రాదని ఆవిడకు తెలుసు. కళ్ళెం లాగింది, గుర్రాన్ని ఆపింది. గేటుకు గుర్రం పొడవు దూరం కూడా లేదు. ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వచ్చి, మెల్లగా వెనక్కి తిరిగింది. జెండాలు కనిపించాయి.

"ఓరి నా తల్లో" అంది, చాలా చిన్నగా.

ఇక పోర్ఫియాదా పని ఉంది. దాని లెక్కలో పందెం అయిపోయింది, గేటు అవతల బకెట్లో నీళ్ళున్నాయి. నాలుగు కాళ్ళూ పాతేసింది. మిర్తా మడమలతో పొడిచింది, బతిమాలింది, దాన్నీ దాన్ని అమ్మినవాణ్ణీ తిట్టింది. చివరికి దాని చెవి దగ్గర వంగి ఏదో చెప్పింది. ఏం చెప్పిందో ఇప్పటికీ చెప్పదు. గుర్రం నిట్టూర్చి, పీతలా అడ్డంగా నడుచుకుంటూ వెనక్కి వెళ్ళి, రెండు జెండాల మధ్యనుంచి దూరింది.

అప్పుడు మొదలైంది గోల. విల్మార్ నోట్లోని ముక్క ఎటు ఎగిరిందో తెలియదు.

రాజధాని మోంతెవిదేవో నుంచి వచ్చిన ఒక రౌతు, అద్దాల్లాంటి బూట్లవాడు, జడ్జి బల్ల దగ్గరికి వెళ్ళాడు. "సార్, ఇది సాయమే. వీళ్ళంతా నోరు మూసుకునే ఆవిడకు చెప్పేశారు."

దోన్ ఒలెగారియో కళ్ళజోడు తీశాడు. "బాబూ, నేను ఈ బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టిన రోజునుంచి వీళ్ళని నోరు మూసుకోమని అడుక్కుంటున్నాను. ఇవాళ మూసుకున్నారు. దానికి ఆవిడకి శిక్ష వెయ్యమంటావా?"

గడువు మించడానికి కాస్త ముందే గీత దాటింది కాబట్టి పేరు కొట్టేయలేదు. ఆలస్యానికి వేసే తప్పులు మాత్రం కుప్పగా పడ్డాయి. ఆ ఎత్తులో పూర్తిచేసినవాళ్ళందరిలో ఆవిడదే ఆఖరి స్థానం.

ఫలితం కాగితం నా చేతికి వచ్చింది. మైకెత్తాను. "మిర్తా ఒల్యాబెరీ, గుర్రం పోర్ఫియాదా. కర్రలకు తప్పులు సున్నా. ఆలస్యానికి..."

"అక్కడ ఆపు." గుర్రం పగ్గం పట్టుకుని నా బల్ల ముందే నిలబడి ఉంది. హెల్మెట్ తీసేసింది, మొహం నిండా మట్టి, కన్నీళ్ళ చారలు. "మళ్ళీ చదువు. సున్నా దాకా."

చదివాను.

"దానికి సరిగ్గా వినపడలేదు" అంది గుర్రాన్ని చూపిస్తూ.

దోన్ ఒలెగారియో తరువాతి ఎత్తులో మొదటి రౌతుకు గంట కొట్టబోయి ఆగి, కానియ్యమన్నట్టు నాకు చెయ్యి ఊపాడు. మూడోసారి చదివాను, మెల్లగా, సున్నా దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడి. అప్పుడు మిర్తా పట్టీ విప్పి జీను దించింది. విల్మార్ అందుకోబోతే ఇవ్వలేదు. తనే భుజాన వేసుకుని, పోర్ఫియాదాను ముందు నడవనిచ్చి, వెనకాల వెళ్ళింది.