కెర్కిస్ అంటే నాడె కాదు

2011 జూన్‌లో మా కళాశాల నన్ను ఒక ఏడాది డిప్యూటేషన్ మీద జగిత్యాలకు పంపింది. అప్పటికి నేను హైదరాబాదులోని ఒక క్రైస్తవ వేదాంత కళాశాలలో గ్రీకు, లాటిన్ భాషలకు రీడర్‌ని. రీడర్ అంటే లెక్చరర్‌కు పైమెట్టు, ప్రొఫెసర్‌కు కిందిమెట్టు. ఉద్యోగాలు చేసుకుంటూ ఎం.ఎ. చదివేవారి కోసం జగిత్యాలలో మాకొక అధ్యయన కేంద్రం ఉండేది. రెండు గదులు, ఒక బీరువా నిండా పుస్తకాలు, ఏడుగురు విద్యార్థులు. ఉత్తర తెలంగాణలో గ్రీకు ఎవరు చదువుతారని నా తోటివారు నవ్వారు. నేను కూడా కొంత అలాగే అనుకుంటూ వెళ్లాను.

ఆ ఏడుగురిలో ఎస్తేరు ఒకరు. ముప్పై రెండేళ్లుంటాయి. కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేది. శనివారం మధ్యాహ్నం బడి వదలగానే బస్సెక్కి వచ్చేది. వాళ్లది గంభీరావుపేట దగ్గరి కూలి కుటుంబం, సెంటు భూమి లేదు. తండ్రి లచ్చయ్య కుర్రతనంలోనే సిరిసిల్ల చేరి ఒకరింట్లో చేతిమగ్గం పని నేర్చుకున్నాడు. తర్వాత పవర్‌లూమ్‌ల మీద కూలికి నేశాడు. ఆ ఇంట్లో బడి గడప దాటి పైకి వెళ్లిన మొదటి మనిషి ఎస్తేరు.

ఆమె సిద్ధాంత వ్యాసం ప్రాచీన ఈజిప్టులో గ్రీకు మాట్లాడే మామూలు మనుషులు పపైరస్ అనే రెల్లుతో చేసిన కాగితాల మీద రాసుకున్న ఉత్తరాల గురించి. వాటిని తెలుగు చేసి, వివరణలు రాయాలి. ప్రతి అధ్యాయాన్నీ మార్గదర్శకుడు పరిశీలించి, సమర్పణకు తగినదని సంతకం చేస్తేనే కార్యాలయం తీసుకుంటుంది. ఆ తర్వాత బయటి పరీక్షకుడు చదువుతాడు. చివర మౌఖిక పరీక్ష. ఆమె రిజిస్ట్రేషన్‌కు అది ఆఖరి సంవత్సరం. అక్టోబరు నెలాఖరు దాటితే ఐదేళ్ల చదువు రద్దయిపోతుంది. మార్గదర్శకుణ్ని నేనే.

ఆగస్టులో నాలుగో అధ్యాయం ఇచ్చింది. అందులో ఒక స్త్రీ తన చెల్లెలికి రాసిన చిన్న ఉత్తరం ఉంది. మగ్గం పనికి కావలసిన సామాను పంపమని అడుగుతుంది. ఆ సామానులో కెర్కిస్ అనే వస్తువు ఒకటి. పాత నిఘంటువులు దాన్ని నేతగాడి నాడె అంటాయి. నాడె అంటే అడ్డంగా నేసే పేక దారాన్ని మోసుకుంటూ మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే చెక్క సాధనం. విద్యార్థుల కోసం నేను తయారుచేసిన పదకోశంలోనూ పద్దెనిమిదేళ్లుగా అదే ఉంది. ఎస్తేరు మాత్రం ‘పోగులు సర్దే పుల్ల’ అని రాసింది. కింద ఆధారం దగ్గర, ‘నేత పనివారు లచ్చయ్య, సిరిసిల్ల’ అని చేర్చింది.

నేను ఎర్ర సిరాతో పుల్లను కొట్టేసి నాడె అని రాశాను. లచ్చయ్య పేరు మీద కూడా గీత కొట్టి, పక్కన ‘ఇది ఆధారం కాదు’ అన్నాను. ఆమె వాడిన మరికొన్ని మాటలను కూడా నా గుంటూరు తెలుగులోకి మార్చాను. అధ్యాయం వెనక్కి ఇచ్చేటప్పుడు ఆమె ఆ పేజీని చాలాసేపు చూసింది. “మిగతయి మారుస్త సార్. ఇదొక్కటి మా నాయినను మల్లొక్కసారి అడిగి చెప్త” అంది. నిఘంటువు ఉండగా అడిగేదేముందన్నాను. ఆమె కాగితాలు సంచిలో పెట్టుకుంది.

సెప్టెంబరులో ప్రత్యేక తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి. మా కేంద్రానికి కూడా తాళం పడింది. ఎస్తేరు సిరిసిల్లలో తండ్రి దగ్గరికి వెళ్లింది. అక్టోబరు రెండో వారానికీ నాలుగో అధ్యాయం నా చేతికి రాలేదు. ఫోన్ చేస్తే, “తయారున్నది సార్, తెచ్చేటందుకే తొవ్వ లేదు” అంది. గొంతులో దిగులు తెలుస్తోంది. మర్నాడు పొద్దున నా పాత స్కూటర్ మీద నేనే బయల్దేరాను.

వేములవాడ ఇవతల రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వండుతున్నారు. అప్పట్లో అదొక నిరసన పద్ధతి. రోడ్డు మీదే వంట, అక్కడే భోజనం. ఎక్కడికని ఒక పెద్దావిడ అడిగింది. నేను నోరు విప్పగానే మాట తీరును బట్టి గుంటూరువైపు మనిషినని అందరికీ అర్థమైపోయింది. భయపడ్డానని ఒప్పుకోవాలి. సిరిసిల్లలో ఒకమ్మాయి పరీక్ష కాగితాలు తేవాలన్నాను. “ఆడివిల్ల సదువా? గట్లయితె ఇంత తిని పో సారూ. ఎండ మస్తున్నది” అని విస్తరాకు వేసింది. తిన్నాక వాళ్లే రాళ్లు జరిపి దారి ఇచ్చారు.

లచ్చయ్యది రేకుల ఇల్లు. అరవై దాటిన మనిషి. మగ్గాల మోత వల్ల చెవులు కాస్త మందం. నన్ను మంచం మీద కూర్చోబెట్టి తను కింద కూర్చోబోతే, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఎస్తేరు ఒక పుస్తకం తెరిచి పెట్టింది. ప్రాచీన గ్రీకు కుండ మీది బొమ్మ. ఇద్దరు స్త్రీలు నిలువు మగ్గం ముందు నిలబడి ఉన్నారు. పడుగు, అంటే నిలువు పోగులు, పైనుంచి వేలాడుతున్నాయి, వాటి కొసలకు బరువులు కట్టి ఉన్నాయి.

ఆయన దాన్ని కంటి దగ్గరికి తీసుకున్నాడు. “సారూ, నాడె ఉరకాల్నంటె పడుగు పరిచి ఉండాలె. మా గుంట మగ్గంల గట్లనే ఉంటది. గిది ఏలాడవట్టె. గిండ్ల నాడె ఇసిరితె కింద పడ్తది గదా! వీళ్లు పేకను చేత్తోటే దూర్చిండ్రు. బట్ట మీదికెల్లి మొదలైంది సూడుండ్రి. గందుకే గీ పుల్లతోటి పోగుల సందుల గొట్టుకుంట పేకను మీదికి దట్టిస్తున్నరు.”

ఆ బొమ్మను నేను కొన్ని వందల సార్లు చూపించి ఉంటాను. బట్ట పైనుంచి మొదలైందన్న సంగతి ఎన్నడూ చూడలేదు.

ఇంతలో ఆయన చేతికి అధ్యాయం పాత ప్రతి తగిలింది. చదువు రాదు, సంతకం పెట్టడం మాత్రం వచ్చు. కాబట్టి తన పేరు పోల్చుకున్నాడు. “బిడ్డా, గిది నా పేరే గదా? గీ ఎర్రగీత ఏంది?”

ఎస్తేరు నా వైపు చూడలేదు. “ముఖ్యమైన పేరని సార్ గీత గీసిండు నాయినా.”

ఆయన ముఖం వెలిగింది. కాగితాన్ని మోకాలి మీద పెట్టి అరచేత్తో సాపు చేశాడు. ఆ అబద్ధం ఆమె తన కోసం చెప్పుకోలేదు. ఆయన మనసు, నా మర్యాద రెండూ కాపాడటానికి చెప్పింది. ఊరుకుంటే గడిచిపోయేది. ఊరుకోలేకపోయాను.

“లేదు లచ్చయ్యా, అది కొట్టివేత. మీరు చెప్పింది తప్పనుకుని కొట్టేశాను. తప్పు నాదే” అన్నాను.

ఆయన “దాంట్ల తప్పేమున్నది సారూ? మీరెన్నడన్న నేసిండ్రా ఏంది!” అని నవ్వి, “బిడ్డా, సారుకు చాయ్ పెట్టు” అన్నాడు. ఎస్తేరు గబగబా లేచి లోపలికి వెళ్లింది. కొంగుతో కళ్లు తుడుచుకోవడం చూశాను.

ఆ మంచం మీదే ఆధారాన్ని తిరిగి రాయించాను. ఎవరు చెప్పారు, ఆయనకు ఎన్నేళ్ల అనుభవం, ఏ బొమ్మ చూసి చెప్పారు అన్నీ అందులో చేర్చాం. కింద ఆయన చేత సంతకం పెట్టించి నేనూ సంతకం చేశాను. కళాశాల కార్యాలయం అడిగే మూడు ప్రతులూ స్కూటర్ మీద జగిత్యాల చేర్చి, తపాలా కార్యాలయం పనిచేస్తుండటంతో అక్కణ్నుంచి హైదరాబాదుకు రిజిస్టర్డ్‌గా పంపాను. గడువుకు నాలుగు రోజుల ముందు అందాయి.

డిసెంబరులో మౌఖిక పరీక్ష జరిగింది. బయటి పరీక్షకుడు మొదటి ప్రశ్నే ఆ పుల్ల మీద వేశాడు. ఎస్తేరు బోర్డు మీద నిలువు మగ్గం గీసి, తండ్రి చెప్పినట్టే చెప్పింది. పరీక్షకుడు తలూపి, ఈ మాట పరిశోధకులు కొందరు పత్రికల్లో ఇప్పటికే రాశారని అన్నాడు. ఆ పత్రికలు మా గ్రంథాలయానికి వచ్చేవి కావు. ఆమెకు మొదటి శ్రేణి వచ్చింది. నా పాత విద్యార్థుల్లో చిరునామాలు దొరికిన వారందరికీ పదకోశంలోని తప్పును సరిదిద్దుతూ కార్డులు రాశాను.

పదవీ విరమణ దాకా ఆ తర్వాత ఒక పద్ధతి పాటించాను. చేరిన ప్రతి విద్యార్థినీ మొదటి రోజే ఇంట్లోవాళ్లు ఏ పని చేస్తారని అడిగి రాసుకునేవాణ్ని. గొర్రెలు కాసినవాళ్ల కొడుకు, కుండలు చేసినవాళ్ల కూతురు నా దగ్గర చదివారు. ప్రాచీన గ్రంథాలలో మందలు, కుమ్మరి బట్టీలు, నాగళ్లు, మగ్గాలు నిండా ఉంటాయి. నిఘంటువులు కూర్చిన పండితుల్లో ఆ పనులు చేసినవారు తక్కువ. నేనూ చేయలేదు. నాకు తెలియనిచోట ఎవరిని అడగాలో తెలుసుకోవడం కూడా నా ఉద్యోగంలో భాగమేనని పద్దెనిమిదేళ్లు పాఠం చెప్పాక తెలిసింది.