రెండుసార్లు నొక్కిన మీట

పక్షవాతం వచ్చి నాన్నకు మాట పోయాక, ఆయన కోసం నేనొక మాట్లాడే పెట్టె చేశాను. మా దీవిలోని అబర్డీన్ బజార్‌లో నాది ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపు. ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు, చిన్న స్పీకరు, నాలుగు పెద్ద మీటలు, అంతే. ఏ మీట నొక్కితే ఆ మాట నా గొంతుతో పలుకుతుంది: నీళ్ళు, ఆకలి, బాత్రూం, ఫ్యాను. చర్చివాళ్ళు వచ్చి చూసి మెచ్చుకుంటే నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

నాన్న మాత్రం ఎడమచేతికి దగ్గరగా ఉన్న నీళ్ళ మీట ఒక్కటే నొక్కేవాడు. అదీ వెంటవెంటనే రెండుసార్లు. పొద్దున్నే అమ్మ నూనె రాసి, డాక్టరు చెప్పినట్టు ఆయన కుడిచెయ్యి ఎత్తి వంచేటప్పుడే ఎక్కువ. "నీళ్ళు, నీళ్ళు" అనేది పెట్టె. అమ్మ గ్లాసు అందిస్తే ముఖం తిప్పుకునేవాడు. చాదస్తం అనుకుని అమ్మ మళ్ళీ చెయ్యి పట్టుకునేది.

నేను మీటను అనుమానించాను. ఇక్కడి ఉప్పుగాలికి ఏ స్విచ్చీ నిలవదు. ఒక్కసారి నొక్కితే లోపలి కాంటాక్టు రెండుసార్లు తగలడం నేను రోజూ చూసే జబ్బే. అందుకని ఒకసారి నొక్కాక కాసేపటిదాకా ఇంకో నొక్కు లెక్కలోకి రాకుండా ప్రోగ్రాం మార్చాను. పెట్టె ఒక్కసారే పలికింది. బాగైందనుకున్నాను.

నాన్న ఒకప్పుడు అవతలి ఒడ్డున ఉన్న హోప్ టౌన్‌కు తిరిగే పాత బోటును నడిపిన సారంగు. పైన చుక్కాని చక్రం ఆయనది. కింద ఇంజన్ చూసిన స్నేహితుడు ఒక పొద్దున పలకరించడానికి వచ్చాడు. అప్పుడు అమ్మ చెయ్యి వంచుతోంది. పెట్టె "నీళ్ళు" అంది. వచ్చినాయన పెట్టెను పట్టించుకోలేదు, మీటను రెండుసార్లు నొక్కిన నాన్న వేలినే చూశాడు.

"వదిలీ వదినా" అన్నాడు. "సారంగు బంద్ చెయ్యమంతన్నాడు. పైనుంచి రెండు బెల్లులు కొడితే కింద నేను ఇంజన్ ఆపీసేవోణ్ని. అన్నేళ్ళూ మా ఇద్దరికీ అదే కదా మాటా బాత్‌చీతూ."

అమ్మ చెయ్యి వదిలేసింది. ఆపమని ఆయన రోజూ మొత్తుకున్నాడు, మేం నీళ్ళు తాగించబోయాం. ఆ రెండో గంట గొంతు నులిమింది నేనే.

ఆ రోజే ప్రోగ్రాం మళ్ళీ రాశాను. రెండుసార్లు నొక్కితే "ఆపు" అని పలుకుతుంది. మర్నాడు అమ్మ ఆయన పక్కన కూర్చుని, "నొప్పెడితే రెండుసార్లు నొక్కండి, ఆపీస్తాను" అని, మెల్లగా చెయ్యి ఎత్తింది.

నాన్న దవడలు బిగించి కళ్ళు మూసుకున్నాడు. అమ్మ ఆగి, "ఆపీమంటారా?" అని అడిగింది. ఎడమచెయ్యి మీట పక్కనే ఉంది. ఆయన నొక్కలేదు.