మా వాకిట్లో పడుగు రాళ్ళు

మా చిన్నప్పుడు మా వాకిట్లో అడ్డంగా నడిస్తే వీపు విమానం మోత మోగేది... ఎవరి పిల్లలైనా సరే, గేటు దాకా గోడవారగా చుట్టూ తిరిగే పోవాలి. మధ్యలో ఆ రాయి నుంచి ఈ రాయి దాకా పడుగు సాగదీసి ఉండేది మరి.

మాది కోయంబత్తూరులో, సింగానల్లూరు దాటాక ఒక నేతగాళ్ళ వీధి. ఎన్ని తరాల కిందట ఇక్కడికి వచ్చామో ఎవరికీ తెలియదు కానీ ఇంట్లో మాట మాత్రం తెలుగే. నేను చదివింది తమిళంలో. తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాను, తప్పులుంటే సర్దుకోండి... ఈరోజు కోపంలో రాస్తున్నాను కాబట్టి ఇంకాస్త ఎక్కువే ఉంటాయి.

మగ్గానికి ఎక్కించే ముందు నిలువు దారాలన్నిటినీ బారుగా సాగదీసి, గంజి పట్టించి, ఎండలో ఆరబెట్టాలి. ఆ దారాలనే పడుగు అంటారు. మా వీధి ఇరుకు, అంత బారు ఎవరి ఇంటి ముందూ లేదు. అందుకని మా తాత తన స్థలంలో ఒక మూలకి చిన్న పెంకుటిల్లు వేసుకుని, మిగతాదంతా వీధివాళ్ళ పడుగుకి వదిలేశాడు. రెండు చివర్లా రెండు రాళ్ళు పాతించాడు. గేటుకి తాళం అనే మాటే లేదు. ఎవరి పడుగు ఉంటే వాళ్ళు తెల్లారకముందే వచ్చి, పొల్లాచ్చి కొబ్బరితాళ్ళతో రాళ్ళకి బిగించి పని మొదలుపెట్టేవాళ్ళు.

ఆ గంజి వాసన... తడి నూలు మీద పెద్ద కుంచె లాగుతుంటే వచ్చే ఆ బరబర చప్పుడు...

తెగిన పోగు కనబడితే ముడి వేయడం పిల్లల పని. అందులో మా అన్న దిట్ట. అన్న వేసిన ముడి వేలితో తడిమినా తెలిసేది కాదు. తాత మా అందరికీ తలా ఒక తాటిబెల్లం ముక్క పెట్టి, అన్నకి మాత్రం ఇంకోటి చేతిలో కుక్కేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

మబ్బు పట్టిందంటే ఇక చూడాలి, వీధి వీధంతా పరుగే. ఎదురింటి పెద్దమ్మకీ మా అమ్మకీ మాటల్లేని రోజుల్లో కూడా ఆవిడ పొయ్యి మీద కూర వదిలేసి వచ్చి పడుగు పట్టుకునేది. తడి పడుగును చుట్టేస్తే పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. అందుకే తాత మా ఇంటికి అంత పొడుగు వసారా వేశాడు, ఇంటి కంటే వసారానే పెద్దది. అందరూ కలిసి పడుగును ఎత్తుకొచ్చి అందులో అటూ ఇటూ మడతలుగా వేలాడదీసేవాళ్ళు. ఆ రోజు మేమంతా వంటింట్లో సర్దుకుని పడుకునేవాళ్ళం.

ఇప్పుడు ఆ ఇల్లు అక్క, అన్న, నేను... ముగ్గురి పేరు మీద ఉంది. ఉండేది అక్క ఒక్కతే. బావ పోయినప్పటినుంచి ఆ వసారాలోనే మిషను వేసుకుని బట్టలు కుడుతుంది. అపార్టుమెంట్లు కట్టేవాళ్ళు ఆ స్థలం మీద కన్నేశారు. అన్న అమ్మేద్దామంటాడు. అమ్మితే అక్కకి ఉండే చోటూ పోతుంది, చేసుకునే పనీ పోతుంది.

పోయిన వారం అన్న స్థలానికి విలువ కట్టే ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. సంగతి తెలిసి నేనూ వెళ్ళాను. ఆయన పెంకులు చూసి పెదవి విరిచాడు. వసారా చూసి, ఇంత చోటు దండగ చేసి ఎవరు కట్టారని నవ్వాడు. ఇంటికి విలువేమీ లేదు, ఉన్నదంతా నేలకే అని తమిళంలో తేల్చేశాడు. సరే, పాత పెంకుటిల్లు, ఆయన లెక్క ఆయనది అని ఊరుకున్నాను. తర్వాత పోయి పడుగు రాయికి టేపు తగిలించి కొలవడం మొదలుపెట్టాడు... సరిహద్దు రాళ్ళనుకున్నాడు! అక్క దగ్గరికెళ్ళి అవి హద్దురాళ్ళు కావని చెప్పింది. మరి ఎందుకు పాతారని ఆయన అన్నను అడిగాడు.

అన్న... ఆ రాళ్ళ పక్కన నిలబడి తాత చేతి తాటిబెల్లం తిన్న మా అన్న...

"ఏవో పాత రాళ్ళు సార్, పీకేస్తాం" అన్నాడు.

నా కోపం ఆ వచ్చినాయన మీద కాదు, పాపం ఆయనకేం తెలుసు? చెప్పాల్సిన మనిషి పక్కనే ఉండి, అంతా తెలిసి, ఏమీ తెలియనట్టు మాట్లాడాడు చూడండి... అందుకు. ఆయన తలాడించి ఫోనులో 'కాలి మనై' అని రాసుకున్నాడు. అంటే ఖాళీ స్థలం అని.

మా అక్క ఎప్పుడూ గొంతు పెంచదు. ఆ రోజూ పెంచలేదు.

"ఇది కాలిగా పడి లేదురా. తాత కాలిగా పెట్టినాడు. ఆ రెండూ ఒకటే అని నువ్వే సారుకి చెప్పు, నేను రేపే మిషను ఎత్తుకోని పోతాను" అంది.

అన్న నా వైపు చూశాడు. అక్క ఆ ఇంట్లో ఉండగా నేను సంతకం పెట్టేది లేదని అక్కడికక్కడే తేల్చి చెప్పాను. అది కోపంలో వచ్చిన మాటే, కానీ కోపం తగ్గాక కూడా మార్చుకోను.

ఇక బయలుదేరారు. విలువ కట్టినాయన రెండు రాళ్ళ నడుమ నుంచి, వాకిలికి అడ్డంగా టకటకా నడిచి గేటు దాటేశాడు. అన్న ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతూ వెనకే బయలుదేరాడు... మాట్లాడుతూనే, గోడవారగా, చుట్టూ తిరిగి పోయాడు.

అక్కా నేనూ వసారాలో నిలబడి చూశాం. పవర్‌లూములు వచ్చాక ఆ రాళ్ళ మధ్య పడుగు సాగదీసి ఎన్నేళ్ళయిందో...

మీ వీధిలోనూ ఎవరో ఒకరు అందరికోసం కావాలని వదిలిపెట్టిన చోటు ఉండేదా? ఇప్పుడు అక్కడ ఏం లేచిందో, దాన్ని ఖాళీ అన్నది ఎవరో చెప్పండి... నాతోపాటు తిట్టుకుందాం.