వద్దనుకుంటే ఎంత పోతుంది?

రద్దు మామయ్య ఏ వ్యవహారంలోనైనా కాలు పెట్టేముందు, ఆ కాలును వెనక్కి తీసుకోవడానికి ఎంత ఖర్చవుతుందో కనుక్కునేవాడు. ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు మరొకటి ఉండేది గాని, దాన్ని పింఛను కాగితాలు తప్ప ఎవరూ వాడేవారు కారు.

క్షౌరశాలలో కుర్చీ ఎక్కి, మెడచుట్టూ గుడ్డ కట్టించుకుని, కత్తెర చప్పుడు మొదలయ్యే సమయానికి చెయ్యెత్తి ఆపేవాడు.

"సగంలో లేచిపోతే ఎంత పుచ్చుకుంటావు?"

"సగం తలతో ఎక్కడికి పోతారండీ?"

"ఎక్కడికి పోతానన్నది నా గొడవ. నువ్వు ధర చెప్పు."

పెద్ద మేనకోడలి పెళ్ళిమాటలనాడు, అన్నీ కుదిరి అందరి ముఖాలూ వికసించిన శుభసమయంలో, పెళ్ళికొడుకు తండ్రివైపు వినయంగా వంగి, "రేపు ఎవరికైనా మనసు మారితే చెప్పడానికి గడువు ఎప్పటిదాకానండీ?" అన్నాడు. వియ్యంకుడికి కాఫీ పొలమారింది. మామయ్య చెల్లెలు బల్లకింద ఆయన కాలు తొక్కింది.

"కాలు తియ్యవే. పెళ్ళయ్యాక అడిగితే బాగుంటుందా?" అన్నాడు మామయ్య, అందరికీ వినబడేటట్లు.

ఆయన చేసి విరమించిన ఉద్యోగం కూడా ఆయనకు తగినదే. సినిమాహాళ్ళలోనూ సభామందిరాలలోనూ అపాయం వస్తే జనం బయటపడే దారులు సరిగా ఉన్నాయో లేవో చూసే తనిఖీదారు. ఉద్యోగకాలమంతా సినిమాల మధ్యనే గడిపినా తెరవైపు చూసిన పాపాన పోలేదు. తలుపులమీది ఎర్రదీపాలనే చూసేవాడు. కొత్త సినిమా ఎలా ఉందని అడిగితే, "నాలుగు తలుపులు. ఒకటి కిర్రుమంటోంది" అనేవాడు.

ఇంతటి మనిషి, చిన్న మేనకోడలికి విమానం టికెట్టు తానే తీసి ఇస్తాననీ, ఎవరూ కల్పించుకోవద్దనీ ప్రకటించేసరికి ఇంటిల్లిపాదికీ గుండెల్లో రాయి పడింది.

ఆ పిల్ల మ్యూజియంలో పగిలిన పింగాణీ పాత్రలను అతికే పని చేసేది. ముక్కకు ముక్క జత కుదిరేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునే ఓర్పు ఆమెది. ఆ ఓర్పును ఎవరో గుర్తించి, దూరాన ఉన్న ఒక పెద్ద మ్యూజియంలో ఏడాదిపాటు పని చేయడానికి పిలిచారు. ఆమె ఒప్పుకున్నది. ఒప్పుకున్న నాటినుంచీ బెంగ పట్టుకుంది. ఇల్లు విడిచి ఒక్కరోజు ఉన్నది లేదు, విమానం ఎక్కింది లేదు. అలాగని వెళ్ళనంటే ఆ చోటు మరొకరి పరమవుతుంది. మళ్ళీ పిలుస్తారన్న ఆశ లేదు. తండ్రి అప్పటికే వీధివీధంతా చాటి వచ్చాడు. భయమేస్తోందని ఇక ఎవరితో చెప్పుకోవడం?

టికెట్ల కొట్టుకు మామయ్య ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళాడు. అద్దం వెనక కూర్చున్న గుమస్తా, రాబోయే ఉపద్రవం తెలియక, చిరునవ్వు నవ్వాడు.

"మూడు రకాలున్నాయండీ. చవకరకం రద్దు చేసుకుంటే ఏమీ రాదు."

"ఏమీ అంటే?"

"ఏమీ అంటే ఏమీ అండీ. మధ్యరకానికి తేదీ మార్చుకోవచ్చు. దానికి రుసుము ఉంటుంది. ఆ రోజుకు ధర పెరిగితే తేడా కూడా కట్టాలి."

"తగ్గితే?"

"తగ్గితే ఇవ్వరండీ."

"ఓహో, పైకే గాని కిందికి నడవని తేడా! సరే, తేదీ మార్చుకుని, ఆ మార్చుకున్నదాన్ని రద్దు చేసుకుంటే?"

"రెండు రుసుములూ పడతాయి."

"ప్రయాణికుడు పోతే?"

"ఎక్కడికండీ?"

"పైకి."

గుమస్తా చిరునవ్వు అక్కడితో సెలవు తీసుకుంది. "మరణ ధ్రువపత్రం తెస్తే పరిశీలిస్తారండీ."

"ఎవరు తేవాలి? పోయినవాడేనా?"

"మామయ్యా, చాలు, పోదాం రా" అని మేనకోడలు చొక్కా పట్టి లాగింది. వెనక నిలబడ్డవాళ్ళు తమ ప్రయాణాలను గురించి పునరాలోచనలో పడ్డట్టు కనిపించారు.

"ఉండవే. ఏమయ్యా, మీ విమానమే రాకపోతే, నాకు మీరెంత రుసుము కడతారు?"

గుమస్తా మంచినీళ్ళు తాగి, మూడోరకం వివరాలు రేపు చెబుతానన్నాడు.

మర్నాడు మామయ్య ఒక్కడే వెళ్ళి, సాయంత్రం తిరిగి వచ్చాడు.

"ఏ రకం తీశావన్నయ్యా?" అన్నది చెల్లెలు.

"తీశాను."

"వద్దనుకుంటే ఎంత పోతుంది బావా?" అని పిల్ల తండ్రి కన్నుగీటుతూ అడిగాడు.

"ఆకలేస్తోంది, వడ్డించండి" అన్నాడు మామయ్య.

ఆయన ఆ ప్రశ్నకు జవాబు దాటవేయడం కనీవినీ ఎరగని సంగతి. ఒంట్లో బాగాలేదేమోనని చెల్లెలు నుదురు తాకి చూసింది.

రాత్రి భోజనాలయ్యాక ఆయన చొక్కా ఇస్త్రీ చేయబోయిన మేనకోడలికి జేబులోనుంచి మడిచిన కాగితం అంచు కనిపించింది. పైకి కనబడుతున్న అక్షరాలు ఇవి: రద్దుకు వీలు లేదు. మార్పుకు వీలు లేదు. ఆమె ఇస్త్రీపెట్టె తగిలినట్టు ఉలిక్కిపడి, కాగితాన్ని లోపలికి తోసేసింది.

లోకంలో అందరూ ఆమెను ముందుకు తోస్తున్నా, వెనక్కి రావడానికి ఒక సందు ఈ మనిషి ఉంచుతాడని ఆమె లోలోపల నమ్ముకుని ఉన్నది. ఆయనే గడియ వేసేశాడన్నమాట! ఇక ఆమెకు తిన్నది ఒంటబట్టలేదు, కంటిమీద కునుకు లేదు. వేసిన తాళాన్నే మళ్ళీ మళ్ళీ లాగి చూసేది. పనిలో ఒకనాడు కూజా మూతిని తీసుకుపోయి అడుగున అతికింది. "దీన్ని ఇక తలకిందులుగా ప్రదర్శనకు పెట్టవలసిందే" అన్నాడు పైఅధికారి, జాలిగా.

ప్రయాణం రోజు రానే వచ్చింది. విమానాశ్రయం ద్వారం దగ్గర తల్లి కళ్ళు తుడుచుకుంది, తండ్రి జాగ్రత్తలు చెప్పాడు. టికెట్టు ఉన్నవాళ్ళనే లోపలికి వదులుతున్న కావలివాడు మామయ్య చూపిన కాగితాలు చూసి పక్కకు తప్పుకున్నాడు. తలుపుల విషయంలో ఈయనతో గెలిచినవాడెవడని ఆమె అనుకుందే గాని, అంతకుమించి ఆలోచించే స్థితిలో లేదు. ఆయన భుజాన వేలాడుతున్న సంచిని కూడా గమనించలేదు.

సామాను తూచే వరుస ఒక్కొక్క అడుగే కదులుతోంది. ముందున్న మనిషి పెట్టె త్రాసు మీద పెట్టేసరికి ఆమె తన పెట్టె పిడి వదిలేసింది.

"మామయ్యా, నేను వెళ్ళలేను."

"సరే" అన్నాడు మామయ్య.

"సరే ఏమిటి! డబ్బంతా పోతుంది కదా. రద్దుకు వీలు లేదని రాసి ఉంది. నీ జేబులో చూశాను."

"అది చూశావా! అందుకా ఇన్నాళ్ళూ ముఖం అలా వేలాడేసుకున్నావు?" అని ఆయన నాలుక కరుచుకుని, జేబులోనుంచి ఒక కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇదిగో, నీది ఇది. చదువు."

విమానం తలుపు మూసేదాకా ఎప్పుడు రద్దు చేసుకున్నా పూర్తి సొమ్ము వాపసు, అని ఉంది.

"ఇది అన్నిటికంటే ఖరీదైన రకం కదా!"

"హాల్లో తలుపుమీద దీపం వెలుగుతుంటే జనం సినిమా చివరిదాకా చూస్తారే. అది ఆరిపోయిందా, మంచి పాటలో కూడా లేచి నిలబడతారు. నీకు దీపం ఉండాలనుకున్నాను. ఇప్పుడు వెళ్ళకపోయినా తప్పు లేదు. మీ నాన్నతో నేను చెబుతాను."

ఆమెకు చాలా రోజుల తరువాత ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్ళింది. అప్పుడు అనుమానం వచ్చింది.

"మరి నేను చూసిన కాగితం?"

మామయ్య కొత్త పెళ్ళికొడుకులా నేలచూపులు చూశాడు. "అది నాది. నీ పక్క సీటు. ఒక్కదానివే బెంబేలు పడతావని, అక్కడ కుదురుకునేదాకా ఉండి వద్దామనుకున్నాను."

"నువ్వా! రద్దుకు వీల్లేని టికెట్టు నువ్వు కొన్నావా!"

"వీలుంటే నా సంగతి నాకు తెలియదూ? ఈపాటికి రద్దు చేసుకుని ఇంట్లో ముసుగుతన్ని పడుకునేవాణ్ణి. విమానమంటే నాకు చచ్చేంత భయమే!"

"మరి నేను రాకపోతే?"

"నేను పోక తప్పుతుందా? పోయి, ఆ పాత్రలవాళ్ళను కలిసి, మా అమ్మాయి రావడం లేదండీ అని చెప్పి వస్తాను. ఎలాగూ వెళ్ళాను కాబట్టి నాలుగు సంగతులు అడుగుతాను."

ఊరుకాని ఊరి మ్యూజియంలో మామయ్య అడగబోయే ఆ నాలుగు సంగతులూ కళ్ళకు కట్టేసరికి ఆమెకు నవ్వు ఆగలేదు. ఆయన చేతిలో కాగితం మాత్రం ఆకులా వణుకుతోంది.

"ఒక్కడివే పోతావా, ఈ చేతులతో?" అని, ఆమె తన పెట్టెను ఎత్తి త్రాసు మీద పెట్టింది.

విమానంలో, అపాయం వస్తే ఏ తలుపులోనుంచి బయటపడాలో పరిచారిక చేతులు చాపి చూపిస్తుంటే, తక్కిన ప్రయాణికులందరూ ఫోన్లలో తలలు దూర్చారు. మామయ్య మాత్రం మొదటి బెంచీ విద్యార్థిలా నిటారుగా కూర్చుని విని, అయిపోగానే చప్పట్లు కొట్టాడు.

"అమ్మాయీ, ఆ వెనక తలుపు సంగతి ఇంకొక్కసారి చెప్పమ్మా."

పరిచారిక ఎంతో సంతోషంగా చెప్పింది. అంతవరకూ ఆమెను ఎవరూ మళ్ళీ చెప్పమనలేదు.

విమానం లేచినంతసేపూ మేనకోడలి చెయ్యి మామయ్య పిడికిట్లో నలిగిపోయింది. భయపడడానికి ఆమెకు తీరిక చిక్కలేదు.

"తిరుగు టికెట్టు ఏ రకం తీశావు మామయ్యా?"

"అసలు తియ్యలేదు" అన్నాడాయన, కళ్ళు గట్టిగా మూసుకునే. "అక్కడ నీకు నచ్చిందని నువ్వు చెప్పాక తీస్తాను."

కాసేపటికి పరిచారిక పళ్ళరసం తెచ్చి గ్లాసు అందించబోయింది. మామయ్య కళ్ళు తెరిచి, గ్లాసువైపు చూసి, చెయ్యెత్తి ఆపాడు.

"సగం తాగి వద్దనుకుంటే..."

"ఆ సగం నేను తాగుతాలే" అంది మేనకోడలు. "పుచ్చుకో మామయ్యా."